తోకెత్తిన ఎర్ర బండీ, ఐదు నెమలి గుడ్లూ

ఈ కథ నాకు మొదట చెప్పినవాడు మౌలాలి మేస్త్రి. ఘాటు రోడ్డు మొదట్లో, చెక్‌పోస్టు పక్కన ఆయనకు రేకుల షెడ్డు ఉండేది. ఆ దారిన పోయే మోటారు సైకిళ్ల షాకబ్జర్లు బాగుచేయడం తప్ప ఇంకో పని పట్టేవాడు కాదు. స్టిక్కర్లు అంటించమని ఎవరైనా వస్తే నీళ్లు కూడా ఇవ్వకుండా పంపేసేవాడు. ఆయన చెప్పినట్టే చెబుతాను, ఒక్క మాట అటూ ఇటూ పోనివ్వను. ఈ కథను వేరే రకంగా చెప్పుకుంటూ తిరిగేవాడు ఒకడున్నాడు. వాడి సంగతి చివర చూద్దాం.

పిల్లలూ, దగ్గరికి జరగండి. మధ్యలో లేవొద్దు.

అనగనగా రెండు కొండలు, ఆ కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు మోటారు సైకిళ్లు ఉండేవి. ఎందుకుండేవి అని అడగొద్దు. ఉండేవి, అంతే.

జంతువులకు తోక అంటే ఎంత గర్వమో మీకు తెలుసు కదా. అందుకని ఆ అడవిలో బండి మంచిచెడ్డలు కూడా తోకను బట్టే చెప్పేవారు. వెనక సీటు ఎంత పైకి లేచి ఉంటే అంత గొప్ప బండి. ఏడాదికోసారి, వానలు పడకముందు, బళ్లన్నీ తీసుకొచ్చి బయల్లో వరసగా నిలబెట్టేవారు. ఏ బండి తోక అన్నిటికన్నా ఎత్తుగా ఉంటే ఆ బండికి రేల పూల దండ వేసేవారు.

మూడేళ్లుగా ఆ దండ కొండముచ్చు బండికే పడుతోంది.

కొండముచ్చు బండి ఎర్రది. దాని ట్యాంకులో ముఖం చూసుకోవచ్చు. అద్దాలకు కుచ్చులు, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు గొట్టాలకు తళతళలాడే స్టీలు తొడుగులు. మరి తోక అంత ఎత్తుకు ఎలా లేచింది? వెనక షాకబ్జర్ల కింద కొండముచ్చు టేకు చెక్క దిమ్మలు పెట్టి బిగించింది. అది చాలక స్ప్రింగు రింగును చివరి గాడి దాకా తిప్పేసింది. ఇక ఆ స్ప్రింగు మీద ఎవరు కూర్చున్నా కదలదు. బండరాయి మీద కూర్చున్నట్టే.

ముందు ఫోర్కు సంగతి ఇంకా అన్యాయం. ఫోర్కు గొట్టాల లోపల నూనె ఉండాలి. దాన్ని ఆపే రబ్బరు సీలు చిరిగిపోయి ఆ నూనె బయటికి కారుతోంది. కొండముచ్చు రోజూ పొద్దున్నే ఆ నూనెను గుడ్డతో తుడిచేది. ఆ గుడ్డతోనే ట్యాంకుకు మెరుగు పెట్టేది. "చూశారా, ఎలా మెరుస్తోందో!" అనేది. "మెరుస్తోంది సరే, లోపల నూనె ఎంత మిగిలింది?" అని ఒక్కరూ అడగలేదు.

అదే అడవి అంచున ఒక గుహ ముందు ముళ్లపంది షాకబ్జర్ల పని చేసేది. దాన్ని అందరూ మేస్త్రి అనేవారు. మేస్త్రి బండికి రంగు ఊడిపోయింది, ట్యాంకుకు పెద్ద సొట్ట, చిరిగిన సీటు మీద తాటాకు చాప కుట్టి ఉంది. కానీ ఫోర్కులో నూనె ఏనాడూ పాతబడనిచ్చేది కాదు. సీలు దగ్గర చిన్న తడి కనిపిస్తే ఆ రోజు అన్నం ముట్టేది కాదు.

మేస్త్రి దగ్గర ఒక కొలబద్ద ఉండేది. అది ఎక్కడా కొన్నది కాదు. తన ఒంటి మీద నుంచి రాలిన ముల్లే. ముళ్లపంది ముల్లు మీద ఒక నల్ల పట్టీ, ఒక తెల్ల పట్టీ వరసగా ఉంటాయి. ఆ పట్టీలే గీతలు.

ఎవరు బండి తెచ్చినా మేస్త్రి మాట్లాడేది మూడే ముక్కలు.

"కూచో," అని ముల్లు పెట్టి కొలిచేది.

"లే," అని కొలిచేది.

"మళ్లీ కూచో," అని ఇంకోసారి కొలిచేది.

సామాను మోసే బండైతే సామాను పెట్టుకుని కూర్చోవాలి. వెనక ఎక్కేవాళ్లుంటే వాళ్లూ రావాలి. ఒకసారి దుప్పి తన భార్యను ఇంట్లో వదిలి ఒక్కటే వచ్చింది. "ఆవిడ బరువు నువ్వు చెబితే ఎట్టా? పో, పిలుచుకునిరా," అని మేస్త్రి దాన్ని కోసెడు దూరం వెనక్కి పంపింది.

"ఎందుకు మేస్త్రీ ఈ కూచోవడాలూ లేవడాలూ?" అని దుప్పి ఆయాసపడుతూ అడిగింది.

"బరువు పడితే బండి కొంచెం కుంగాలి," అంది మేస్త్రి. "అసలు కుంగలేదనుకో, చక్రం గుంటలోకి దిగలేదు. ఎగిరి పడుద్ది. మొత్తం కుంగిపోయిందనుకో, రాయి వచ్చినప్పుడు ఇంకా దిగేందుకు చోటుండదు. అడుగున గుద్దుద్ది. ఎంత కుంగాలో నీ బరువు చెప్పాలి. నా నోరు కాదు."

"మరి నూనె ఎందుకు?"

"కుంగిన స్ప్రింగు ఊరికే ఉంటదా? ఎగిరి లేస్తది. దాన్ని పట్టి నెమ్మదిగా లేపేది నూనె. చేత్తో నొక్కి వదులు. ఒక్కసారి లేచి ఆగిందా, మంచిది. ఊయలలాగా ఊగిందా, ఆ బండెక్కొద్దు."

ఆ ఏడాది బళ్ల వరసలో మేస్త్రి బండి చివర నిలబడింది. కొండముచ్చు మెళ్లో దండ వేసుకుని అటు వచ్చింది.

"ఏం మేస్త్రీ, నీ బండి తోక ముడిచిందేం? రేచుకుక్కలేమైనా తరిమాయా?"

అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. మేస్త్రి నవ్వలేదు. ఎర్ర బండి దగ్గరికి వెళ్లి వెనక సీటు మీద చేయి పెట్టి బలం కొద్దీ నొక్కింది. వెంట్రుకవాసి కూడా దిగలేదు. ముందుకు వచ్చి హ్యాండిలు నొక్కి వదిలింది. దబ్బుమని దిగింది. పైకి ఎగిరింది. మళ్లీ దిగింది, మళ్లీ ఎగిరింది. మూడుసార్లు ఊగింది.

"వెనక ప్రాణం లేదు. ముందు నూనె లేదు. ఇది బండి కాదు, బొమ్మ," అంది మేస్త్రి.

"దండ ఎవరి మెళ్లో ఉందో చూసి మాట్లాడు పెద్దాయనా," అంది కొండముచ్చు.

మేస్త్రి బండి తీసుకుని ఇంటికి పోయింది. ఆ నవ్వులు మాత్రం మరిచిపోలేదు. ఎందుకు మరిచిపోవాలి?

అడవి దిగువన వాగు ఉంది. వాగు మధ్య లంకలో, పొద కింద, ఒక ఆడ నెమలి ఐదు గుడ్లు పొదుగుతోంది. కిందటేడు పెట్టిన నాలుగు గుడ్లూ వరదలో కొట్టుకుపోయాయి. ఒక్క పిల్ల కూడా దక్కలేదు. ఈసారి ఇరవై ఆరు రోజులు మేతకు కూడా సరిగ్గా పోకుండా కూర్చుంది. ఇంకో రెండు రోజులు కూర్చుంటే చాలు. చెవి ఆనిస్తే పెంకు లోపల టిక్కు, టిక్కు అని చప్పుడు వినిపిస్తోంది.

ఆ రోజు మధ్యాహ్నం పై కొండ నల్లబడింది. కాకి అరుచుకుంటూ వచ్చింది.

"పైన కుండపోత! వాగు ఎర్రగా తిరిగింది. పొద్దు వాలే లోపల లంకా గట్టూ అన్నీ మునుగుతాయి. అందరూ ఎత్తు మెట్టకు ఎక్కండి!"

 నెమలి గుడ్లను ఈతాకుల బుట్టలో ఎండు గడ్డి పరిచి పెట్టింది. బుట్టను ముక్కుతో ఈడ్చుకుంటూ మోకాలి లోతు నీళ్లు దాటి గట్టు మీద దారిలోకి వచ్చింది. ఎత్తు మెట్టకు పోయే దారి అదొక్కటే. అక్కడ రెండు బళ్లే మిగిలాయి. ఒకటి కొండముచ్చు ఎర్ర బండి. రెండోది మేస్త్రి సొట్ట బండి. దాని వెనక సీటు మీద ముసలి తాబేలు అప్పటికే ఎక్కి కూర్చుంది.

"అమ్మా, తాబేలును దింపుతా, దాని కోసం మళ్లీ వస్తా. నువ్వు ఎక్కు," అంది మేస్త్రి. "కానీ ముందు కొలవాలి."

"అక్కా! ఈ తుక్కు మీదా?" అంది కొండముచ్చు. "నీ పిల్లలు గుడ్డులోనే తుప్పు పడతారు. నా బండెక్కు. కొలతలూ లేవు, గిలతలూ లేవు. ఒక్క కిక్కు కొడితే కొండ మీద ఉంటాం."

నెమలి సొట్ట ట్యాంకు వైపు చూసింది. తాటాకు చాప వైపు చూసింది. ఎర్ర బండి వైపు చూసింది. మబ్బు పట్టినా ఆ బండి మెరుస్తూనే ఉంది. తోక ఆకాశంలోకి ఉంది.

"నేను తమ్ముడి బండెక్కుతా," అంది.

తాబేలు తల బయట పెట్టింది. "అమ్మాయ్, తోక చూసి ఎక్కుతున్నావా?"

"మా ఆయన్నీ తోక చూసే చేసుకున్నా తాతా. ఏం తక్కువైంది?"

"మరి మీ ఆయన ఏడీ?"

నెమలి బుట్ట ఎత్తుకుని ఎర్ర బండెక్కింది. తోక తడుస్తుందని వాళ్లాయన మబ్బు పట్టగానే కొండెక్కేశాడు.

ఎర్ర బండి ముందు కదిలింది. మూడు బారల వెనక మేస్త్రి బండి కదిలింది. పిల్లలూ, ఇక్కడ బాగా వినండి. మూడు బారలు. ఆ దూరం దారి పొడుగునా పెరగలేదు, తరగలేదు. రెండు బళ్లూ ఒకే వేగంతో పోయాయి.

మొదట కంకర మలుపు వచ్చింది. దారి నిండా పిడికెడు పిడికెడు రాళ్లు. ఎర్ర బండి చక్రం ఒక రాయి ఎక్కితే ఆ దెబ్బ ఎక్కడా ఆగకుండా నేరుగా సీటుకు వచ్చింది. టకటకమని నెమలి ఎగిరెగిరి పడింది. బుట్ట కూడా ఎగిరింది.

"తమ్ముడూ, నెమ్మది! గుడ్లు!"

"నెమ్మదిగానే పోతున్నా అక్కా. గట్టిగా పట్టుకో."

నెమలి రెండు రెక్కలూ బుట్ట మీద కప్పి గుండెకు అదుముకుంది. మలుపు చివర ఒక రాయి తగిలింది. అంత పెద్దదేం కాదు. నెమలి రెక్క కింద వెచ్చగా తడి తగిలింది.

అది వాన తడి కాదు. వాన చల్లగా ఉంటుంది.

"ఆపు," అంది నెమలి.  "ఆపు తమ్ముడూ. ఒకటి పోయింది."

కొండముచ్చు ఆపి వెనక్కి చూసింది. దానికీ కంగారు పుట్టింది. కానీ దండ వేయించుకున్న బండి కదా, తప్పు ఒప్పుకోవడానికి నోరు రాలేదు. "ఇంకా నాలుగున్నాయి అక్కా. ఇక నడిచినంత నెమ్మదిగా పోతా. సరేనా?"

కింద వాగు రొద పెరుగుతోంది. దిగి ఆలోచించే టైము లేదు. నెమలి తల ఊపింది.

తర్వాత గండ్లు వచ్చాయి. కిందటి వానలు దారికి అడ్డంగా కోసిన కాలవలు అవి. కొండముచ్చు అన్న మాట ప్రకారమే చేసింది. బండిని నడక కన్నా నెమ్మదిగా దించింది. మొదటి గండిలో ముందు చక్రం దిగింది. నూనె లేని ఫోర్కు దబ్బుమని అడుగుకు పోయి ఇనుమును ఇనుము గుద్దింది. గుద్దినంత జోరుగా పైకి ఎగిరింది. అది ఊగుతుండగానే రెండో గండి వచ్చింది. ముందు చక్రం కిందికి, వెనక తోక పైకి. నెమలిని ఎవరో వెనక నుంచి తన్నినట్టయింది.

మళ్లీ రెక్క కింద వెచ్చని తడి.

ఈసారి నెమలి అరవలేదు. మెడ వెనక్కి తిప్పి చూసింది. మేస్త్రి బండి అప్పుడే అదే గండిలోకి దిగుతోంది. మూడు బారల వెనక, అదే నడకతో. చక్రం దిగింది, లేచింది, దిగింది, లేచింది. కింద చక్రం పరుగులు పెడుతుంటే పైన సీటు మాత్రం నిలబడి ఉంది. సీటు మీద తాబేలు తల బయట పెట్టుకుని కళ్లు మూసుకుంది. కాసేపు చూశాక నెమలికి అర్థమైంది. తాబేలు నిద్రపోతోంది.

నెమలి కదులుతున్న బండి మీద నుంచి బుట్టతో సహా దూకేసింది. నేరుగా మేస్త్రి ముందుకు వచ్చి నిలబడింది.

"మేస్త్రి గారూ. ఐదులో మూడే మిగిలాయి. నా మూడు గుడ్లూ..."

మేస్త్రి బ్రేకు వేసింది. దాని ఒంటి మీద ముళ్లన్నీ లేచాయి. నవ్వులన్నీ గుర్తొచ్చాయి.

"దండ వేసిన బండి ఉంది కదమ్మా," అంది.

 నెమలి బుట్ట పైకెత్తి చూపించింది. పెంకు ముక్కలు గడ్డికి అంటుకుని ఉన్నాయి. వెనక మలుపులో బురద నీళ్లు సుడి తిరుగుతూ దారి ఎక్కుతున్నాయి.

చప్పుడుకు లేచిన తాబేలు మేస్త్రి వీపు మీద తట్టబోయి, ముల్లు గుచ్చుకుని చేయి లాక్కుంది. "నీ అలక పైకి పోయాక పడుదువు గాని. నేను దిగుతున్నా."

"దిగి ఏం చేస్తావ్? నీళ్లు వస్తున్నాయి."

"వస్తే ఈదుతా. తాబేలుకు నీళ్ల భయమేంటి?"

"ఈత వచ్చినవాడివి నా బండెందుకు ఎక్కావయ్యా?"

"హాయిగా ఉందని," అని తాబేలు జారి దిగిపోయింది.

నెమలి గబగబా ఎక్కింది. "పోనీ మేస్త్రి గారూ, పోనీ!"

మేస్త్రి కిక్కు కొట్టలేదు. బండి దిగింది. చెవి మీద నుంచి ముల్లు తీసింది.

"సరిగ్గా కూచో."

"కూచున్నా! నీళ్లొస్తున్నాయి, పోనీ!"

"లే."

"మీకు కళ్లు కనపడటం లేదా? నీళ్లు!"

"లే అన్నానా!"

నెమలి లేచింది. మేస్త్రి కొలిచింది. "అర పట్టీయే కుంగింది. ఇది తాబేలు బరువుకు బిగించిన స్ప్రింగు. నీ బరువుకు ఇది రాయి. ఇట్టాగే పోతే వాడి బండికీ నా బండికీ తేడా లేదు. మూడూ పోతాయి."

వంకీ పానా తీసి ఎడమ వైపు రింగు వదులు చేసింది. ఒక గాడి, రెండు గాళ్లు. కుడి వైపుకు వచ్చింది. ఒక గాడి. రెండో గాడి బిగుసుకుంది. మేస్త్రి పానా మీద ఒళ్లంతా వేసి లాగింది. నీళ్ల నురగ వచ్చి వెనక చక్రాన్ని తాకింది.

"ఒక గాడి తేడా ఉంటే ఏమవుద్ది! పోనీ!" అని నెమలి ఏడ్చింది.

"పక్కకు లాగుద్ది. మెట్ల బండ మీద పడతాం," అని మేస్త్రి ఇంకోసారి లాగింది. రింగు కిర్రుమని తిరిగింది. "మళ్లీ కూచో."

నెమలి కూర్చుంది. మేస్త్రి కూడా ఎక్కి, వంగి ముల్లు పెట్టి చూసింది. "రెండు పట్టీలు. చాలు." తర్వాత ఒక నార పోగు తీసి ముందు ఫోర్కు గొట్టానికి ముడి వేసింది.

"ఇదేంటి ఇప్పుడు?"

"సాక్షి," అని కిక్కు కొట్టింది.

కొండముచ్చు ఎర్ర బండిని తోస్తూ నాలుగు అడుగులు వేసింది. గండిలో గుద్దుకున్న ఫోర్కు వంకరపోయి ముందు చక్రం తిరగడం లేదు. నీళ్లు మోకాళ్లకు వచ్చాయి. కొండముచ్చు బండిని వదిలేసి పక్కనున్న చెట్టెక్కింది. దాని కళ్ల ముందే కుచ్చులు మునిగాయి, తర్వాత ట్యాంకు, తర్వాత స్టీలు తొడుగులు. చివరికి నీళ్ల పైన తోక ఒక్కటే కనిపించింది. ఎత్తుగానే ఉంది.

పైన మెట్ల బండ మొదలైంది. దారికి అదే చివరిది, అన్నిటికన్నా చెడ్డది. ఒకే రాయి, మీదికి ఏడు మెట్లు. ఏ మెట్టు ఎత్తు దానిదే. కంకర మలుపులో ఏ వేగమో ఇక్కడా అదే వేగంతో మేస్త్రి బండిని ఎక్కించింది.

నెమలి కళ్లు మూసుకుంది. ఒకటో మెట్టు. బండి ముందు వైపు లేచింది, దిగింది, ఆగింది. ఊగలేదు. నెమలి రెక్క కింద తడి కోసం చూసింది. లేదు. రెండు. లేచింది, దిగింది, ఆగింది. మూడు. నాలుగు. ఒక్కో మెట్టుకూ నెమలి ఊపిరి బిగబట్టి రెక్క కింద తడుముకుంటోంది. ఐదు. ఆరు.

ఏడో మెట్టు ఎత్తుగా ఉంది. దాన్ని దాటి అవతలి గుంటలో ముందు చక్రం పడింది. ఫోర్కు దిగింది. ఇంకా దిగింది. ఇంకా దిగుతూనే ఉంది. ఇనుము గుద్దుకునే చప్పుడు కోసం మేస్త్రి పళ్లు బిగించింది.

చప్పుడు రాలేదు. ఫోర్కు ఆగింది. మంచం మీద నుంచి ముసలివాడు లేచినట్టు నెమ్మదిగా పైకి వచ్చింది.

ఎత్తు మెట్ట మీద జంతువులన్నీ చుట్టూ మూగాయి. నెమలి బుట్ట దించి మొదటి గుడ్డుకు చెవి ఆనించింది. టిక్కు. రెండో గుడ్డుకు ఆనించింది. టిక్కు, టిక్కు. మూడో గుడ్డుకు ఆనించింది.

చప్పుడు లేదు.

 మేస్త్రి గుడ్ల వైపు చూడటమే లేదు. ముందు ఫోర్కు దగ్గర వంగి నార ముడిని చూస్తోంది. ఫోర్కు దిగినప్పుడల్లా ముడి గొట్టం మీద పైకి జరుగుతుంది. ఎంత లోతుకు దిగిందో అక్కడే నిలబడుతుంది. పై అంచుకు ఇంకా రెండు వేళ్ల చోటు మిగిలి ఉంది.

"రెండు వేళ్లు మిగిలాయి. అడుగు గుద్దలేదు," అంది మేస్త్రి. "నా బండి మీద గుడ్డు చావలేదమ్మా. చలి పట్టింది. రెక్క కింద పెట్టుకో."

నెమలి ఆ గుడ్డును ఒంటికి హత్తుకుని కూర్చుంది. వాన కురుస్తూనే ఉంది. మేస్త్రి బండి చూసి నవ్విన జంతువులన్నీ నెమలికి వాన తగలకుండా చుట్టూ నిలబడ్డాయి. చాలా సేపు గడిచింది. నెమలి మెడ ఒక్కసారి పైకెత్తింది.

"మేస్త్రి గారూ," అంది. "తట్టింది. లోపల తట్టింది."

రెండు రోజులకు మూడు పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి వచ్చాయి. తాబేలు కూడా అదే రోజు మెట్ట మీదికి నడిచి వచ్చింది. నెమలి మూడు పిల్లల్నీ మేస్త్రి గుహ ముందుకు తీసుకొచ్చి నిలబెట్టింది. పోయిన రెండింటి సంగతి ఆ తల్లి ఎవరి దగ్గరా ఎత్తలేదు. కానీ మెరిసే బండి కనిపిస్తే తల పక్కకు తిప్పుకునేది.

మరుసటి ఏడాది బళ్ల వరస నిలబెట్టినప్పుడు ఎవరూ తోకలు చూడలేదు. ఒక్కో బండినీ చేత్తో నొక్కి వదిలారు. ఒక్కసారి లేచి ఆగిన బండికే దండ వేశారు.

ఆ దండల రోజుకు వారం ముందు కొండముచ్చు మేస్త్రి గుహకు వచ్చింది. బురదలో నుంచి లాగిన బండిని తోసుకుంటూ వచ్చింది. బండికి మెరుపు లేదు, కుచ్చులు లేవు. బండిని దూరంగానే ఆపింది.

"మేస్త్రి గారూ," అంది. "కూచోమంటారా?"

మేస్త్రి తల ఎత్తలేదు. "ముందు ఆ చెక్క దిమ్మలు పీకి పొయ్యిలో పెట్టు. అప్పుడు కూచో."

కథ ఇక్కడికి రాగానే నేను మౌలాలి మేస్త్రిని అడిగాను: "ముళ్లపంది కొండముచ్చును క్షమించిందా?"

"కొలిచింది," అన్నాడాయన.

కథ అయిపోయింది. ఇక ఆ ఒకడి సంగతి.

వాడి పేరు గురవయ్య. మౌలాలి మేస్త్రి దగ్గర రెండు నెలలు పానాలు తుడిచి, చెప్పకుండా పోయి స్టిక్కర్ల షాపు పెట్టుకున్నాడు. వాడు ఈ కథను మా ఊరి బడి పంతులుగారికి చెప్పాడు. ఆయన మంచివాడు, విన్నది నమ్మి బడి గోడ మీద బొమ్మలతో రాయించాడు. ఎర్ర బండి జోరుగా పోతున్నట్టు బొమ్మ వేశారు. కింద "నీతి: తొందర పడకూడదు" అని రాశారు. పిల్లలు రోజూ దాన్నే చదువుతున్నారు.

అది తప్పు. రెండు బళ్లూ ఒకే వేగంతో పోయాయి. మధ్య దూరం మూడు బారలు. గండ్ల దగ్గర ఎర్ర బండి నడక కన్నా నెమ్మదిగా పోయింది, అయినా గుడ్డు పగిలింది. తప్పు తొందరది అంటే చెక్క దిమ్మలు ఏమయ్యాయి? కారిన నూనె ఏమైంది? వాటిని గురవయ్య ఎందుకు మింగేశాడో వాడి షాపు చూస్తే తెలుస్తుంది.

నాకు కూడబలుక్కుని రాసేంత వరకే చదువు వచ్చు. ఈ నాలుగు కాగితాలకే పదకొండు రోజులు పట్టింది. గోడ మీద పెద్ద అక్షరాలు రాయడం నా చేతకాదు. సున్నం నేను తెస్తా, నిచ్చెన నేను పట్టుకుంటా. గుండ్రంగా రాయడం వచ్చినవాళ్లు ఎవరైనా సరే వచ్చి, గోడ మీది ఆ మాట చెరిపి, ఇదిగో ఈ మాట రాయండి. ఒక్క అక్షరం మార్చొద్దు.

నీతి: మెరుపు చూసి బండెక్కొద్దు, కూర్చుని, కొలిచి, మోసే బరువుకు షాకబ్జర్లు కుదిర్చాకే ఎక్కు.